సూళ్లూరుపేటలో కొన్నాం.. పూచీ ఎవరిది?

సూళ్లూరుపేట: ఎండలు ముదిరితే సూళ్లూరుపేట బజారులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల గుమ్మాల దాకా ఏసీ పెట్టెలు పేరుకుంటాయి. ఆ పెట్టెలపై తయారీ చిరునామా చదివితే కొన్నింటిపై శ్రీసిటీ పేరు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. తడ దాటితే వచ్చే ఆ పారిశ్రామికవాడలో బ్లూస్టార్ సంస్థ 2023 జనవరిలో, డైకిన్ అదే ఏడాది నవంబరులో ఏసీల ఉత్పత్తి ప్రారంభించాయి. లాయిడ్ పేరుతో ఏసీలు అమ్మే హావెల్స్‌కు కూడా అక్కడ కర్మాగారం ఉంది. 2015లో షియోమీ ఫోన్ల తయారీ మొదలైందీ శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ యూనిట్‌లోనే. దాదాపు 5,000 కోట్ల రూపాయల పెట్టుబడితో ఎల్జీ సంస్థ తలపెట్టిన కర్మాగారానికి 2025 మే 8న అక్కడే శంకుస్థాపన జరిగింది.

వస్తువు పుట్టే చోటు ఇంత దగ్గరైనా, అది చెడిపోయినప్పుడు బాగుచేసే మనిషి మాత్రం సూళ్లూరుపేటకు ఇంకా దూరంగానే ఉన్నాడు. కొన్న ఏసీ రెండో వేసవికి చల్లబడకపోతే, టీవీ తెరపై గీతలు పడితే, వాషింగ్ మెషీన్ నడుమన ఆగిపోతే కొనుగోలుదారుడు ముందు వెళ్లేది కొన్న కొట్టుకే. అక్కడ వినిపించే మాట ఒక్కటే. ‘మాదేం లేదండీ, కంపెనీ నంబరుకు ఫోన్ చేయండి’. అమ్మేటప్పుడు ‘ఏమైనా అయితే మేమున్నాం కదా’ అన్న మాటకూ దీనికీ మధ్య ఉన్న ఎడమే ఈ పట్టణంలో కొనుగోలుదారుల అనుభవాలన్నింటి సారం. ధరల తేడా నానాటికీ కరిగిపోతున్న ఈ రోజుల్లో వీధి చివరి దుకాణం నిజంగా అమ్మగలిగింది ఆ పూచీ ఒక్కటే. దాన్ని కాగితంపై పెట్టమని అడిగే కొనుగోలుదారులూ తక్కువే, పెట్టే దుకాణదారులూ తక్కువే.

మూడు నగరాల నడుమ

సూళ్లూరుపేట భౌగోళిక స్థితి విచిత్రమైనది. చెన్నై, నెల్లూరు, తిరుపతి మూడూ ఇంచుమించు 80 నుంచి 100 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. మూడింటిలో ఏదీ దగ్గర కాదు, ఏదీ మరీ దూరమూ కాదు. దశాబ్దాలుగా నెల్లూరు జిల్లాలో ఉన్న పట్టణం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది. చెన్నై సబర్బన్ రైలు మాత్రం ఇక్కడి దాకా వస్తుంది. అందువల్ల పెద్ద వస్తువు కొనాలంటే మద్రాసు వెళ్లడం ఈ ప్రాంత కుటుంబాలకు పాత అలవాటు. మౌంట్‌రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్, టీనగర్ దుకాణాలు, తమిళుల ఆడి మాసపు తగ్గింపులు ఇక్కడివారికి కొత్త కాదు. ఆడి మాసం, మన ఆషాఢం ఇంచుమించు ఒకే కాలంలో వస్తాయి కాబట్టి సరిహద్దుకు రెండు వైపులా బ్యానర్లు ఒకేసారి వేలాడతాయి.

ఒకప్పుడు ఈ ప్రయాణానికి పన్నుల తేడా కూడా ఒక కారణంగా చెప్పుకొనేవారు. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక ఆ కారణం లేకుండా పోయింది. టీవీపై తమిళనాడులో ఎంత పన్నో ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. ఇక మిగిలింది దుకాణదారుడు తన లాభంలో ఎంత వదులుకుంటాడన్నదే. అది తెలుసుకునేందుకూ ఇప్పుడు రైలెక్కనక్కర్లేదు. దుకాణంలో నిలబడే ఫోన్‌లో ఆన్‌లైన్ ధర చూసి బేరమాడే కొనుగోలుదారులు ప్రతి కొట్టుకూ పరిచయమే.

అయితే ఈ పోలికలో ఒక మెలిక ఉంది. ఒకే కంపెనీ ఆన్‌లైన్‌కు ఒక మోడల్ నంబరు, దుకాణాలకు మరో మోడల్ నంబరు ఇవ్వడం సాధారణమైపోయింది. చూడటానికి రెండూ ఒకటే. లోపల ర్యామ్, స్పీకర్ల సామర్థ్యం, కండెన్సర్ లోహం, స్టార్ రేటింగ్ వంటివి వేరుగా ఉండవచ్చు. నంబరులో చివరి రెండు అక్షరాల తేడాను పట్టించుకోకుండా ‘అదే టీవీ అక్కడ మూడు వేలు తక్కువ’ అనుకుంటే దుకాణదారుడికీ అన్యాయమే, కొనేవారికీ నష్టమే.

షార్ ఉద్యోగులు, శ్రీసిటీ కార్మికులు, పులికాట్ తీరంలోని మత్స్యకార కుటుంబాలు, దొరవారిసత్రం, తడ మండలాల రైతులు అంతా వచ్చేది ఈ బజారుకే. వీరి అవసరాలు ఒక్క తీరుగా ఉండవు. షార్ ఉద్యోగి మోడల్ నంబరుతో సహా రాసుకుని వస్తాడు. ఒడిశా నుంచో, బిహార్ నుంచో వచ్చి అద్దె గదిలో ఉండే యువకుడికి ఫోన్ వాయిదాల మీద దొరికితే చాలు. ఇరకం దీవి వంటి చోట్లకు ఫ్రిజ్‌ను పడవ ఎక్కించాల్సిన కుటుంబానికి అది చెడిపోకుండా ఉండటమే ముఖ్యం. చెడితే తిరిగి తేవడం కొన్నంత పని.

పది శాతం తగ్గితే నాలుగు వేలు తగ్గుతుందా?

2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పు దుకాణాల్లో పెద్ద చర్చకే దారితీసింది. ఏసీలు, 32 అంగుళాలకు మించిన టీవీలు, గిన్నెలు కడిగే యంత్రాలపై పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి నిర్ణయం వెలువడిన నాటి నుంచి కొనాలనుకున్నవారు ఆగిపోయారు. సరిగ్గా శరన్నవరాత్రుల తొలి రోజున కొత్త రేట్లు వచ్చాయి.

పది శాతం పన్ను తగ్గింది కనుక 40,000 రూపాయల ఏసీ 36,000కే రావాలన్నది చాలామంది వేసుకున్న లెక్క. అది సరికాదు. పన్నుతో కలిపి 40,000 అయితే అందులో అసలు ధర 31,250 రూపాయలు. దానిపై 18 శాతం వేస్తే 36,875 అవుతుంది. తగ్గాల్సింది 3,125 రూపాయలు. ఈ 875 రూపాయల తేడా దగ్గరే కౌంటర్ల వద్ద మాటా మాటా పెరగడానికి అవకాశం ఉంది. మరో అపోహ కూడా ఉంది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లపై పన్ను 2018 జులైలోనే 18 శాతానికి దిగింది. 32 అంగుళాల టీవీలకు 2019 జనవరి 1 నుంచి అదే రేటు. సెల్‌ఫోన్లపైనైతే 2020 ఏప్రిల్‌లో 12 నుంచి 18కి పెరిగింది. కాబట్టి 2025 మార్పుతో వీటి ధర తగ్గాల్సిన పని లేదు. వీటికీ ‘జీఎస్టీ తగ్గింపు’ అని ఎవరైనా చెబితే అది పండగ తగ్గింపుకు పెట్టిన మరో పేరే.

బిల్లు వద్దంటే చేటు

‘బిల్లు లేకుండా అయితే ఇంకో వెయ్యి తగ్గిస్తాం’. ఈ మాట చిన్న పట్టణాల్లో విననివారుండరు. మిక్సీకో, హోం థియేటర్‌కో, ఇన్వర్టర్ బ్యాటరీకో ఈ ఒప్పందం కుదురుతుంది. చేతికి తెల్ల కాగితంపై రాసిన అంచనా చీటీ వస్తుంది. దానిపై దుకాణం ముద్ర ఉండదు, జీఎస్టీ నంబరు ఉండదు, వస్తువు సీరియల్ నంబరు అసలే ఉండదు. వెయ్యి మిగిలిందన్న తృప్తి వస్తువు పనిచేసినన్నాళ్లే. చెడిపోయాక కంపెనీవారు అడిగే మొదటి ప్రశ్న కొన్న తేదీకి ఆధారం ఏదని. అది లేకపోతే చాలా కంపెనీలు వస్తువు తయారైన తేదీ నుంచే వారంటీ లెక్కిస్తాయి. గోదాములో ఎనిమిది నెలలు పడి ఉన్న సరుకైతే ఆ ఎనిమిది నెలలూ కొనుగోలుదారుడి ఖాతాలో పోయినట్లే.

నిజానికి బిల్లు ఇవ్వకపోవడం దుకాణదారుడు చేసే మేలు కాదు, చట్టం దృష్టిలో తప్పు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. అదే జాబితాలో మరో అంశం కూడా ఉంది. లోపమున్న సరుకును బిల్లులో పేర్కొన్న గడువులోగా వెనక్కు తీసుకుని సొమ్ము ఇవ్వకపోవడం, బిల్లులో గడువు ఏదీ లేకుంటే 30 రోజుల్లోగా తీసుకోకపోవడం అనుచిత పద్ధతే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు అడుగున ఎర్ర అక్షరాల్లో అచ్చు వేసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో ఆ బాధ్యత తొలగిపోదు. రంగు నచ్చలేదనో, పక్కింటివారు పెద్దది కొన్నారనో మనసు మార్చుకున్నవారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు. చాలా తగాదాలు ఈ రెండింటినీ కలగలపడం వల్లే వస్తున్నాయి.

సరిహద్దు పట్టణానికి ప్రత్యేకంగా పనికివచ్చే చిన్న గుర్తు ఒకటుంది. బిల్లుపై ఉండే జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు 37 అయితే ఆ వ్యాపారి ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనట్లు, 33 అయితే తమిళనాడులో నమోదైనట్లు. ఆ నంబరును జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అది ఎవరి పేరున ఉందో, అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. ఫోన్ కొన్నవారైతే బిల్లుపై ఐఎంఈఐ సంఖ్య సరిగా పడిందో లేదో అక్కడే చూసుకోవాలి. ఫోన్ పోయినప్పుడు సంచార్ సాథీ ద్వారా దాన్ని నిలిపివేయించాలంటే ఆ సంఖ్య తప్పనిసరి.

పదేళ్ల వారంటీ.. ఏ ముక్కకు?

కొనుగోలుదారులకు ఎక్కువగా నిరాశ మిగిల్చేది వారంటీ. ‘కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ’ అన్న మాట ఏసీ, ఫ్రిజ్ అమ్మకాల్లో తిరుగులేని ఆయుధం. పదేళ్లు ఇంట్లో నిశ్చింత అనుకుని కొంటారు. కార్డు వెనుక చిన్న అక్షరాల్లో ఉండేది వేరు. మొత్తం యంత్రానికి సాధారణంగా ఒక ఏడాదే. తర్వాతి ఏళ్లలో కంప్రెసర్ అనే భాగం మాత్రమే ఉచితం. దాన్ని విప్పి బిగించే కూలి, నింపాల్సిన గ్యాసు, మెకానిక్కు రాకపోకల ఖర్చు చాలా సందర్భాల్లో కొన్నవారివే. అసలు చెడేది ఎక్కువగా కంప్రెసర్ కూడా కాదు. గ్యాసు కారిపోవడం, సర్క్యూట్ బోర్డు కాలిపోవడం, కాయిల్ తినేయబడటం సాధారణ సమస్యలు. పదేళ్ల మాట వీటికి వర్తించకపోవచ్చు.

తీరప్రాంతంలో ఈ చివరి సమస్య మరీ ఎక్కువ. పులికాట్ మీదుగా వచ్చే ఉప్పుగాలి ఇంటి బయట బిగించిన ఏసీ యూనిట్ కాయిళ్లను మెల్లగా కొరికేస్తుంది. సన్నని రంధ్రం పడితే చాలు, గ్యాసు పోతుంది. మెకానిక్కు వచ్చి నింపి వెళతాడు. మరుసటి వేసవికి మళ్లీ అదే తంతు. తుప్పు వల్ల వచ్చిన లోపానికి వారంటీ లేదని చాలా కార్డుల్లో రాసే ఉంటుంది. కాయిల్ రాగిదా, అల్యూమినియందా, దానిపై తుప్పును ఆపే పూత ఉందా, ఉంటే దానికెన్నాళ్ల హామీ అన్నవి చెన్నైలోనో, సూళ్లూరుపేటలోనో కొనేవారు స్టార్‌ల సంఖ్య కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు. అడిగేవారు అరుదు.

స్టార్‌ల విషయమూ అంత తేలిక కాదు. ఇంధన సామర్థ్య బ్యూరో 2006లో ప్రారంభించిన ఈ లేబుల్ ఏసీలకు 2010 నుంచి తప్పనిసరి అయింది. రేటింగు కొలమానాన్ని ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు. అందువల్ల పాత లేబుల్‌పై అయిదు స్టార్‌లున్న యంత్రం కొత్త కొలమానంలో నాలుగుకో, మూడుకో దిగిపోవచ్చు. లేబుల్‌పై ఏడాదుల గడువు కూడా ముద్రించి ఉంటుంది. పాత నిల్వను ‘ఆఖరి ధర’కు అమ్మేటప్పుడు దాని వంక చూడటం మంచిది. ఆ ధర నిజంగా తక్కువైతే తీసుకోవడంలో తప్పు లేదు. అయిదు స్టార్‌లన్న భ్రమతో మాత్రం తీసుకోకూడదు.

వారంటీ వర్తించని మరో రెండు సందర్భాలు ఈ ప్రాంతానికి బాగా తెలిసినవే. ఒకటి పిడుగు, వోల్టేజీ హెచ్చుతగ్గులు. రెండోది వరదనీరు. ఈశాన్య రుతుపవనాల కాలంలో రెండూ తప్పవు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను తెచ్చిన వానలకు తీరమంతా నీటమునిగింది. అటువంటి వేళ తడిసిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్లకు కంపెనీ వారంటీ అక్కరకు రాదు. గృహబీమా ఉంటే తప్ప వేరే దారి ఉండదు. దుకాణాల్లో అదనపు సొమ్ముకు అమ్మే ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’లో ఇవి చేరతాయో లేదో అడిగి చూసినవారు ఎందరు? ఆ అదనపు వారంటీని చాలాసార్లు తయారీ కంపెనీ కాకుండా వేరే సంస్థ ఇస్తుంది. చెడినప్పుడు పిలవాల్సిన ఫోన్ నంబరు వేరే, నిబంధనలు వేరే. అడగకుండానే దాన్ని బిల్లులో ఒక వరుసగా చేర్చేయడం కూడా ఉంది. ఆన్‌లైన్ బుట్టలో ఇలా అడగని వస్తువును దూర్చడాన్ని కేంద్రం 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకాల్లో నిషేధిత మోసపు పద్ధతుల కింద చేర్చింది. కౌంటర్‌పై జరిగితే అది మోసం కాకుండా పోదు.

ఇక బిగింపు. ఏసీ కొన్నప్పుడు ‘ఫ్రీ ఇన్‌స్టలేషన్’ అంటారు. ఇంటికొచ్చిన కుర్రాడు కొలిచి చూసి, పెట్టెలో వచ్చిన రాగి గొట్టం చాలదంటాడు. అడుగుకింత. బయటి యూనిట్‌కు ఇనుప స్టాండు వేరు. గోడకు కన్నం వేరు. నీటి గొట్టం వేరు. స్టెబిలైజర్ సరేసరి. ఉచితమన్న బిగింపు కొన్ని వేలకు చేరుతుంది. ఆ కుర్రాడిని అనడానికీ లేదు. కాంట్రాక్టరు కింద ఒక్కో ఏసీకి ఇంత అని పనిచేసే అతడికి పైపు మీద మిగిలేదే బత్తెం. కొనే ముందే ఈ లెక్కంతా దుకాణంలో రాయించుకుంటే పేచీ ఉండదు.

వడ్డీ లేని కంతుల్లో వడ్డీ

‘జీరో వడ్డీ’, ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్న మాటలు లేకుండా ఇప్పుడు టీవీ అమ్మకం సాగదు. వాయిదాల మీద కొనడం తప్పేమీ కాదు. నెలజీతం మీద బతికే కుటుంబానికి అదే దారి. కానీ లెక్క తెలిసి కొనాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. టీవీ ధర 30,000 రూపాయలు. రొక్కం ఇస్తే 28,000కు ఇస్తామంటాడు దుకాణదారుడు. కంతులైతే తగ్గింపు లేదు. నెలకు 3,000 చొప్పున పది కంతులు, మొదటిది అప్పుడే కట్టాలి. ప్రాసెసింగ్ రుసుము 600, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 708 రూపాయలు. మొత్తం చెల్లించేది 30,708. రొక్కానికి వచ్చే ధరకన్నా 2,708 ఎక్కువ. మొదటి రోజే 3,708 రూపాయలు చెల్లించారు కాబట్టి నిజంగా చేతికందిన అప్పు 24,292 మాత్రమే. దానికి తొమ్మిది నెలల్లో 27,000 తిరిగి కడతారు. వార్షిక వడ్డీ కింద లెక్కిస్తే అది సుమారు 26 శాతం. వడ్డీ సున్నా అన్న అప్పుకు ఇది తక్కువేమీ కాదు.

రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే ఇటువంటి సున్నా వడ్డీ పథకాలను తప్పుపట్టింది. వడ్డీని ప్రాసెసింగ్ రుసుము చాటున దాస్తున్నారని బ్యాంకులను హెచ్చరించింది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ రుణాలన్నింటికీ ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి చేసింది. అందులో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు ఒకే అంకెగా ఉండాలి. కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే ఫైనాన్స్ ప్రతినిధి ఫోన్‌లోకి వచ్చిన ఓటీపీ అడిగినప్పుడు, ముందు ఆ పత్రం చూపమని అడిగే హక్కు కొనుగోలుదారుడికి ఉంది. తెలుగు చదవలేని, వచ్చిన భాషలో పత్రం దొరకని వలస కార్మికుడి సంగతే ఇక్కడ మరీ ఆందోళనకరం. కంతు తప్పితే వచ్చే జరిమానా గురించి అతడికి తెలిసేది తప్పాకే. రుణసంస్థ సమాధానం ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను 14448 నంబరులో సంప్రదించవచ్చు.

దుకాణదారుడి గోడు

తప్పంతా దుకాణదారుడిపై నెట్టడమూ సబబు కాదు. పెద్ద గొలుసు దుకాణాలు వందల సంఖ్యలో కొని తెచ్చుకునే ధర అతడికి రాదు. ఆన్‌లైన్ సంస్థలు కొందరు విక్రేతలకే మేలు చేస్తున్నాయన్న ఢిల్లీ వ్యాపారుల ఫిర్యాదుపై పోటీ కమిషన్ 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై దర్యాప్తునకు ఆదేశించింది. ఆ వివాదం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. ఈలోగా చిన్న కొట్లు ఒక్కొక్కటిగా ఫోన్ల నుంచి, చిన్న టీవీల నుంచి తప్పుకొని, ఎత్తి మోయాల్సిన పెద్ద సరుకుపైనే ఆధారపడ్డాయి. మరమ్మతు తన చేతిలో లేదన్న దుకాణదారుడి మాటలోనూ నిజముంది. విడిభాగాలు కంపెనీ అధీకృత కేంద్రాలకే వస్తాయి. అవి చాలా బ్రాండ్లకు పెద్ద పట్టణాల్లోనే ఉంటాయి. కేంద్రం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెచ్చినా, విడిభాగం సూళ్లూరుపేట మెకానిక్కు చేతికి వచ్చే రోజు ఇంకా రాలేదు.

అయినా నిలదొక్కుకున్న కొట్లను చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. వీటిలో చాలావరకు సొంత మెకానిక్కును పెట్టుకున్నవి, కంపెనీకి ఫిర్యాదు తామే నమోదు చేసి ఆ సంఖ్యను కొనుగోలుదారుడికి పంపేవి. ఫోన్‌లో అంకెలు నొక్కమనే యంత్రంతో మాట్లాడలేని పెద్దవారికి ఆ ఒక్క సాయం వెయ్యి రూపాయల తగ్గింపు కన్నా విలువైనది. ఇలాంటి కొట్టుకే మరుసటి దసరాకు మిగతా బంధువులు కూడా వస్తారు.

ఫిర్యాదుకు ఎక్కడికి?

దుకాణం కంపెనీ వంక, కంపెనీ దుకాణం వంక చూపినప్పుడు కొనుగోలుదారుడు ఎవరిని పట్టుకోవాలి? లోపమున్న కొత్త కారు వ్యవహారంలో సుప్రీంకోర్టు 2004లో జోస్ ఫిలిప్ మాంపిల్లిల్ కేసులో డీలరు, తయారీదారు ఇద్దరినీ బాధ్యులను చేసింది. మరోవైపు 2021లో టాటా మోటార్స్ కేసులో, డీలరు తన అంతట తాను చేసిన తప్పుకు, అది తయారీదారుకు తెలిసిందని రుజువు కానప్పుడు, తయారీదారును బాధ్యుణ్ని చేయలేమని తేల్చింది. రెండింటినీ కలిపి చూస్తే ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ చేర్చడమే క్షేమమని అర్థమవుతుంది. యంత్రం వల్ల ప్రాణానికో, ఇంటికో హాని జరిగిన సందర్భంలో దుకాణదారుడు కంపెనీతో నిమిత్తం లేకుండా తాను స్వయంగా ఇచ్చిన హామీ కూడా 2019 చట్టం ప్రకారం లెక్కకు వస్తుంది. ‘మేమున్నాం కదా’ అన్న మాట బిల్లుపై నాలుగు ముక్కల్లో రాయించుకోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఇదే చట్టం సూళ్లూరుపేట వంటి సరిహద్దు పట్టణాలకు పెద్ద ఊరట ఇచ్చింది. పాత చట్టం కింద చెన్నైలో కొన్న టీవీపై సాధారణంగా చెన్నైలోనే కేసు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు కొనుగోలుదారుడు తాను నివసించే చోటో, పనిచేసే చోటో ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపుంటే రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. వస్తువును పరీక్షకు పంపనక్కర్లేని కేసులు మూడు నెలల్లో, పంపాల్సినవి అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆన్‌లైన్‌లో దాఖలుకు 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి వేదిక ఉంది. తిరుపతిలోనూ, నెల్లూరులోనూ కమిషన్లున్నాయి. జిల్లా మారిన పట్టణం కనుక ఫిర్యాదు ఎటు వెళ్లాలో దాఖలు చేసే ముందే కనుక్కోవడం మేలు.

టీకొట్టుకో, కూల్‌డ్రింకుల అంగడికో డీప్ ఫ్రీజర్ కొన్న చిన్న వ్యాపారులు తమకీ చట్టం వర్తించదనుకుంటారు. సొంతంగా శ్రమించి బతుకుతెరువు కోసం కొన్నవారు వినియోగదారులేనని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ రక్షణ కొత్త చట్టంలోనూ కొనసాగింది.

కేసు దాకా వెళ్లకముందు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం నంబరు 1915 ఉంది. తెలుగులో మాట్లాడవచ్చు. ఆ కేంద్రం ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పిస్తుంది. తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. కానీ వారాల తరబడి కదలని సర్వీసు అభ్యర్థన ఈ ఫోన్ తర్వాత కదిలే అవకాశం ఉంది. ఫోన్ చేసేటప్పుడు చేతిలో ఉండాల్సినవి బిల్లు, మోడల్, సీరియల్ నంబర్లు, కంపెనీకి ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య.

శ్రీసిటీలో ఏసీ కర్మాగారాల సంఖ్య పెరుగుతోంది. ఎల్జీ కూడా ఉత్పత్తి మొదలుపెడితే వేలమంది కార్మికులు తడ, సూళ్లూరుపేటల్లోనే ఇళ్లు వెతుక్కుంటారు, ఇక్కడి కొట్లలోనే కొంటారు. కంపెనీలు తమ కర్మాగారానికి కూతవేటు దూరంలోని పట్టణంలో విడిభాగాలతో కూడిన సర్వీసు కేంద్రం ఒక్కటైనా తెరవాలని అడగాల్సింది స్థానిక వర్తకులు, పురపాలక సంఘం, ప్రజాప్రతినిధులే. కర్మాగారాలకు భూమి, రోడ్లు, నీరు సమకూర్చే చర్చల్లో ఈ కోరిక ఇంకా చోటు చేసుకోలేదు.